పాట్టు క్లాసులో చేరేముందు: కట్టై, తాళం, కాలం

చెన్నైలో పాట్టు క్లాసుకు, అంటే కర్ణాటక సంగీతం పాట నేర్చుకోవడానికి వెళ్లే తెలుగువాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న "ఎన్ని కట్టై?" అని. కంగారొద్దు, మనం శ్రుతి (మీ స ఏ ఎత్తులో ఉంటుందనేది) అనేదాన్నే వాళ్లిలా అడుగుతారు. హార్మోనియం మీద రెండేసి నల్లమెట్లు జంటగా ఉండేచోట, వాటికి ఎడమ పక్క తెల్లమెట్టు 1. అక్కణ్ణుంచి తెల్లవి వరుసగా 7 దాకా. నల్లవన్నీ అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర అనేదే లేదు.

మగగొంతు చాలావరకు 1, 2 మధ్యన, ఆడగొంతు 5, 6 మధ్యన కుదురుతుంది. శ్రుతి పెట్టుకుని స పాడండి. కింది ప వట్టి గాలిలా పోకూడదు, పై గ దగ్గర మెడనరాలు బిగుసుకోకూడదు. అభిమాన గాయని ఐదున్నరలో పాడారని మీరూ అదే పట్టుకుంటే గొంతు పాడవుతుంది. ఫోన్‌లో శ్రుతి పెట్టుకుంటే స్పీకర్లో మంద్ర (కింది) స సరిగా వినిపించదు, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

ఇక ఆది తాళం. తొడమీద ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు: ఇది నాలుగక్షరాల లఘువు. ఆపైన దెబ్బ, అరచేయి వెల్లకిలా తిప్పి విసురు: ఇది ద్రుతం. ద్రుతం రెండుసార్లు వేస్తే మొత్తం 8, ఇదే ఒక ఆవర్తనం. కొత్తవాళ్లు చూపుడువేలు కూడా లెక్కపెట్టేసి 9 చేస్తారు. ఆవర్తనానికో అక్షరం జారుతూ పోయి, ఎక్కడ తప్పిందో అంతుబట్టదు.

కాలం (పాడే వేగం) మారితే చేయి మారదు, నోరే మారుతుంది. అందరూ బోల్తాపడేది ఇక్కడే. మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమంటూ లయ చూపేది) 60లో, అంటే సెకనుకో టిక్కు చొప్పున పెట్టి మొదటి సరళీవరుస (తొలి స్వరపాఠం) పాడండి: పైకి 8, కిందికి 8, మొత్తం 16 స్వరాలు. ఒకటో కాలంలో 16 సెకన్లు, రెండు ఆవర్తనాలు. రెండో కాలంలో 8 సెకన్లు. మూడో కాలంలో 4 సెకన్లే, అంటే అర ఆవర్తనం. అందుకే రెండుసార్లు పాడితేగాని సమానికి (ఆవర్తనం మొదటి దెబ్బకు) చేరరు. తర్వాత మెట్రోనోమ్ ఆపేసి గడియారం చూసుకోండి. ఒకటో కాలం 13 సెకన్లకే అయిపోయిందంటే చేయి పరిగెడుతోందన్నమాట.

ఈ వరుసలన్నీ మాయామాళవగౌళ రాగంలోనే. 1 శ్రుతికి మెట్లు ఇవి: 1, ఒకటిన్నర, 3, 4, 5, ఐదున్నర, 7, పై 1. సరిగమలో ఎంతెంత దూరాలో పదనిసలోనూ అంతే. స పక్కనే అంటుకుని ఉండాల్సిన రి పైకి జారడం మామూలు తప్పు. తంబుర వింటూ స, రి రెండే పదిసార్లు పాడితే దారికొస్తుంది.

"ఎడుప్పు" అంటే ఎత్తుగడ. ప్రతి పాటా సమం మీదే మొదలవదు. డిసెంబరు కచేరీల రోజుల్లో ఏ సభకైనా వెళ్లి గాయకుడి చేయి గమనించండి. ఆది తాళమైతే రెండో విసురు తర్వాత పడే దెబ్బే సమం. అక్కణ్ణుంచి పల్లవి ఎంత ఆగి అందుకున్నారో లెక్కపెట్టుకోండి.