సైట్ తెరుచుకోని రోజున పచ్చళ్ల దుకాణదారు చేయవలసినవి

కొత్తావకాయ ఆర్డర్లు జోరుగా వచ్చే మే నెలలో ఒక ఉదయం, మీ సైట్ తెరుచుకోవడం లేదని హ్యూస్టన్ నుంచి ఎవరో వాట్సాప్‌లో చెబుతారు. వెంటనే సైట్ చేసిన కుర్రవాడికి ఫోన్ చేయడం సహజమే గాని, అంతకంటే ముందు మీ ఫోన్‌లో వైఫై తీసివేసి మొబైల్ డేటాతో ఒకసారి, వేరే ఊళ్లోని బంధువుల చేత మరొకసారి సైట్ తెరిచి చూడాలి. అక్కడ తెరుచుకుంటే లోపం మీ ఇంటర్నెట్‌దో, చెప్పినవారి ఇంటర్నెట్‌దో కావచ్చు.

ఎక్కడా తెరుచుకోకపోతే తెర మీద కనిపించే మాటలను సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. 500 అన్న లోపం సంఖ్య వస్తే తప్పు చాలావరకు సైట్ ప్రోగ్రాములోనే ఉంటుంది. వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సైట్ అయితే ముందురోజు అప్‌డేట్ చేసిన ప్లగిన్‌ను, అంటే దానికి తగిలించిన అదనపు ప్రోగ్రామును మొదట అనుమానించాలి. 503 అంటే సర్వర్ (మీ సైట్‌ను నడిపే కంప్యూటర్) తట్టుకోలేకపోతోందని గాని, మరమ్మతులో ఉందని గాని అర్థం. కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక కనిపిస్తే సైట్‌తో కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్ గడువు చూడాలి. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఎక్కువలో ఎక్కువ 90 రోజులకే తీరిపోతాయి, వాటంతటవి కొత్తవి రావలసిన ఏర్పాటు ఎక్కడో ఆగి ఉంటుంది. అసలు ఆ చిరునామాయే దొరకడం లేదని బ్రౌజర్ చెబితే డొమైన్ (ఏటా డబ్బు కట్టి ఉంచుకునే సైట్ పేరు) గడువు చూడండి.

ఒక్కోసారి తప్పు మీది కాదు, మీ సైట్‌కు సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ సంస్థది కూడా కాదు. 2025 అక్టోబరు 20న ఎన్నో సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్‌లోనూ, నవంబరు 18న సైట్లకూ జనానికీ మధ్య నిలిచి రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్‌లోనూ లోపం వచ్చినప్పుడు ప్రపంచమంతటా పెద్ద పెద్ద సైట్లే నిలిచిపోయాయి. అటువంటి రోజున కంగారుపడి డీఎన్‌ఎస్ సెట్టింగులు (సైట్ పేరు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేవి) మార్చకూడదు, ఎందుకంటే అవతల లోపం సరిదిద్దిన తరువాత కూడా మీరు కంగారులో మార్చిపెట్టిన సమాచారమే కొన్ని గంటలపాటు జనం కంప్యూటర్లలో నిలిచి ఉండి మీ సైట్ ఒక్కటే తెరుచుకోకుండా పోవచ్చు.

నా దృష్టిలో చిన్న వ్యాపారికి అన్నిటికంటే సిగ్గుచేటైన అంతరాయం డొమైన్ గడువు మరిచిపోవడం. ఆటో రెన్యువల్ (కార్డు నుంచి డబ్బు తీసుకుని గడువు దానంతటదే పొడిగించే ఏర్పాటు) పెట్టాం కదా అని ధీమాగా ఉండడానికి వీల్లేదు. కార్డుల నుంచి పదేపదే డబ్బు తీసుకునే చెల్లింపులపై రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాక, విదేశీ సంస్థలకు మన కార్డుల నుంచి జరగవలసిన చెల్లింపులు చాలా విఫలమయ్యాయి. అందువల్ల మూడు నాలుగేళ్లకు ఒకేసారి మీరే కట్టేయడం మంచిది. అలాగే డొమైన్ మీ పేరున ఉందో, సైట్ చేసిన వ్యక్తి పేరున ఉందో ఈరోజే చూసుకోండి. డొమైన్ కొన్న ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు, ఎందుకంటే గడువు తీరితే ఆ ఈమెయిల్ కూడా ఆగిపోయి, హెచ్చరికలూ పాస్‌వర్డ్ మార్చే లింకులూ మీకు అందవు. (ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టన్నమాట.)

మరమ్మతు సాగుతుండగా ముందుగా గూగుల్, ఫేస్‌బుక్ ప్రకటనలు నిలిపివేయండి. లేకపోతే తెరుచుకోని పేజీకి జనాన్ని పంపినందుకు మీరే డబ్బు కడతారు. తరువాత వాట్సాప్ స్టేటస్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఇలా రాయండి: “మా సైట్ ప్రస్తుతం పనిచేయడం లేదండి. ఇప్పటికే డబ్బు చెల్లించినవారు దయచేసి మళ్లీ చెల్లించవద్దు. ఆర్డర్లు ఈ నంబరులో తీసుకుంటున్నాం. సాయంత్రం ఆరు గంటలకు మళ్లీ తెలియజేస్తాం.” చెప్పిన సమయానికి సైట్ రాకపోయినా, రాలేదన్న మాటైనా చెప్పి తీరాలి.

మధ్యలో ఆగిన చెల్లింపుల కోసం సైట్‌లోని ఆర్డర్ల జాబితాను నమ్మకండి. డబ్బు పేమెంట్ గేట్‌వేకు (సైట్‌లో చెల్లింపులు తీసుకుని మీకు చేర్చే సంస్థకు) చేరి, ఆర్డరు మాత్రం సైట్‌లో నమోదు కాకపోయి ఉండవచ్చు కనుక గేట్‌వే ఖాతాలోనే చూడాలి. యూపీఐలో కొనుగోలుదారు ఖాతా నుంచి డబ్బు పోయి వ్యాపారికి నిర్ధారణ అందకపోతే, అయిదు రోజుల్లోగా అది తిరిగి జమ కావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలనీ 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆందోళనపడే కొనుగోలుదారుకు ఈ సంగతి చెప్పండి.

సైట్ తిరిగి రాగానే ప్రకటించకండి. పుస్తకంలో రాసుకున్న ఫోన్ ఆర్డర్ల మేరకు సైట్‌లో సరుకు లెక్క తగ్గించి, మీరే ఒక చిన్న సీసా కొని, డబ్బు జమైందో లేదో, నిర్ధారణ మెయిల్ వచ్చిందో లేదో చూసుకున్నాకనే ప్రకటనలు మళ్లీ మొదలుపెట్టండి.