ఇంట్లో పాత అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్ళుంటే వాళ్ళ హాస్టల్ రోజులు ఇలా రాసిపెట్టుకోండి

బాపట్లలో వ్యవసాయ కళాశాల మొదలైంది 1945లో, తిరుపతిలో 1961లో. 60ల్లో, 70ల్లో ఆ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు ఇప్పుడు దాదాపు అందరూ డెబ్భై చుట్టుపక్కలో, ఆ పైనో ఉన్నారు. కాలేజీ చరిత్ర ఎక్కడో ఒకచోట దొరుకుతుంది గానీ, గదిలో ఎవరి మంచం ఎక్కడ ఉండేది, ఆదివారం మెస్‌లో ఏం వండేవాళ్ళు అన్నది వాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. కాబట్టి పండక్కి చూద్దాంలే అనుకోకుండా ఈ వారమే కూర్చోండి.

"హాస్టల్లో ఎలా ఉండేది తాతయ్యా?" అని మాత్రం అడగకండి. "ఆ రోజులే వేరురా" అనేసి ఊరుకుంటారు. ఏదో ఒక వస్తువు పట్టుకుని అడగాలి.

నన్నడిగితే అన్నిటికంటే ముందు ఇన్సెక్ట్ బాక్స్ గురించి అడగండి. ఎంటమాలజీ, అంటే పురుగుల శాస్త్రం, ప్రాక్టికల్ కోసం పురుగులు పట్టి, పిన్నులు గుచ్చి, పేర్ల చీటీలు పెట్టి పెట్టెలో అమర్చి ఇవ్వాలి. పెంకు పురుగైతే పిన్ను నడిమధ్యలో కాదు, కుడి రెక్క మీద గుచ్చాలి, సీతాకోకచిలుకైతే రెక్కలు ఆరేదాకా విప్పి ఉంచాలి, ఇంత చేశాక కలరా ఉండలు వేయడం మరిచిపోతే పెట్టెకి చీమలు పట్టేస్తాయి. రాత్రి దీపాల దగ్గర ఎవరితో కలిసి పట్టేవారు, ఎవరికీ దొరకని పురుగు ఎవరికి దొరికింది అని అడిగి చూడండి, మాటలు వాటంతటవే వస్తాయి.

తర్వాత మెస్. నెల ఖర్చంతా లెక్కేసి తిన్నవాళ్ళ మీద పంచే డివైడింగ్ పద్ధతి ఉండేదా, కూరగాయల బజారుకి ఎవరు వెళ్ళేవారు, బిల్లు ఎక్కువొచ్చిన నెల ఏం గొడవైంది? పొద్దున్నే ప్రాక్టికల్‌కి వెళ్ళే మడిలో ఏ పంట, ఏ రకం వేశారో కూడా అడగండి, ఐఆర్ 8 వరి రకం కొత్తగా వచ్చిన రోజులు వాళ్ళలో చాలామంది కళ్ళారా చూసినవే.

సంవత్సరాలు గుర్తు రాకపోతే పెద్ద సంఘటనలు అందించండి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. ఆ ఉప్పెనప్పుడు బాపట్లలో ఉన్నవాళ్ళైతే దాని గురించి విడిగా ఒక పూట కూర్చోండి, తొందరపెట్టకండి, మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి.

ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, కానీ వాళ్ళకి చెప్పి. వీలైతే రూమ్మేట్‌కి స్పీకర్‌లో కాల్ కలపండి, ఒకరు మరిచిపోయింది ఇంకొకరు అందుకుంటారు, మీరు గంట అడిగినా రాని విషయాలు పది నిమిషాల్లో వస్తాయి. గ్రూప్ ఫోటో ఉంటే వెనక పెన్సిల్‌తోనే మెల్లగా పేర్లు రాయండి, బాల్‌పెన్ అయితే ముందువైపు గీతలు తేలతాయి.

అంతా టైప్ చేశాక పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, పక్కన బాగా ఖాళీ వదిలి, ఓ పెన్ను కూడా వాళ్ళ చేతికే ఇవ్వండి. ఇంటిపేర్లు, ఊరి పేర్లలో మనం చేసిన తప్పులు వాళ్ళే దిద్దుతారు, దిద్దుతూ ఇంకో నాలుగు సంగతులు ఆ ఖాళీలో రాస్తారు.