కలాంచో మళ్లీ పూయకపోవడానికి కారణం బాల్కనీ లైటు

కలాంచో మొక్కని నర్సరీ నుంచి తెచ్చినప్పుడు కుండీ నిండా ఎర్రటి పూలే, రెండు నెలలు కళకళలాడింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఒక్క మొగ్గ లేదు. ఆకులేమో దళసరిగా, పచ్చగా, ఏ తెగులూ లేకుండా ఉన్నాయి. బలం చాలట్లేదేమోనని వర్మీకంపోస్టు వేశాను, కుండీ మార్చాను, ఎండ వచ్చే మూలకి జరిపాను, ఏం చేసినా ఆకులే. చాలా బాధేసింది.

దానికి కావాల్సింది చీకటి. కలాంచో మన రణపాలకి దగ్గరి చుట్టం, పుట్టిల్లు మడగాస్కర్. చామంతిలాగే రాత్రులు పొడవుగా ఉంటేనే మొగ్గ తొడుగుతుంది. మా బాల్కనీలో ట్యూబ్‌లైటు రాత్రి 11 దాకా వెలుగుతూనే ఉంటుంది, అంటే దానికి చలికాలం వచ్చినట్టే తెలియలేదన్నమాట!

నవంబరు మొదట్లో మొదలుపెట్టి, రోజూ సాయంత్రం 5కి అట్టపెట్టె బోర్లించి పొద్దున్న 7కి తీసేదాన్ని. 14 గంటల చీకటి, ఆరు వారాలు, ఒక్క రోజు కూడా మానకుండా (ఊరెళ్తే పక్కింటి అత్తయ్యగారు చూసుకున్నారు). పగలు మాత్రం మంచి వెలుతురులోనే ఉంచాను. నీళ్లు పైమట్టి పూర్తిగా ఎండాకే, అదీ ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గరే పోయాలి, లేదంటే కాండం కుళ్లిపోతుంది. డిసెంబరు చివర్లో ఆకుల మధ్య చిన్న చిన్న మొగ్గలు కనిపించాయి, సంక్రాంతి దాటాక విచ్చుకున్నాయి.

వాడిన పూల కాడలు అప్పటికప్పుడు కత్తిరిస్తున్నాను. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే మాత్రం అందనంత ఎత్తులో పెట్టండి, తింటే వాటికి విషం.