రాకెట్ ఎగరేసే ముందు: ఎలక్ట్రానిక్స్ జాగ్రత్తలు

ముందు అనుమతులు. శ్రీహరికోట, రేణిగుంట విమానాశ్రయం రెండూ తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి. అందుకే ఇన్-స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతిచ్చే కేంద్ర సంస్థ), విమానయాన అనుమతులు చేతికి రానిదే రాకెట్ షెడ్డు దాటకూడదు.

• ఆల్టిమీటర్లు (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు కొలిచి, పారాచూట్‌ను వదిలే పరికరాలు) రెండు; బ్యాటరీ, స్విచ్ దేనికది. ఒకే బ్యాటరీకి రెండూ తగిలిస్తే అది పోగానే రెండూ పోతాయి.

• ఆల్టిమీటర్లున్న గదికి గాలి రంధ్రాలు 3 లేదా 4, గొట్టం చుట్టూ సమదూరంలో. పారాచూట్ గది వైపు బల్క్‌హెడ్‌లో (అడ్డుపలకలో) వైర్లు దూరే సందులన్నీ సిలికాన్‌తో మూయండి. పారాచూట్‌ను బయటికి నెట్టే తుపాకిమందు పొగ లోపలికొస్తే పీడనం రీడింగ్ గల్లంతే, బోర్డుకు తుప్పు అదనం.

• ధ్వనివేగం దాటే రాకెట్‌కు మాక్ లాకౌట్ (ఆ వేగంలో ఉన్నంతసేపు పారాచూట్‌ను వదలకుండా ఆపే సెట్టింగ్) తప్పదు. షాక్ తరంగం వల్ల పీడనం ఎగిరితే, రాకెట్ దిగుతోందనుకుని ఆల్టిమీటర్ పారాచూట్‌ను ముందే వదిలేస్తుంది. ఆ వేగంలో గుడ్డ పీలికలే.

• సుమారు 6 కి.మీ. పైన గాలి పలచన. వదులుగా కట్టిన తుపాకిమందు సగం కాలకుండానే చెదిరిపోతుంది. బిగుతుగా మూసిన గొట్టంలో నింపండి.

• చాలా జీపీఎస్ మాడ్యూళ్లు 18 కి.మీ. పైన, లేదా సెకనుకు 515 మీటర్లు దాటితే మూగబోతాయి. డేటాషీట్ చూడండి.

• యాంటెనా ఫైబర్‌గ్లాస్ ముక్కులో. కార్బన్ ఫైబర్ సిగ్నల్‌ను మింగేస్తుంది.

• మెమరీ కార్డు కుదుపుకు కదులుతుంది. బోర్డుకు అతికిన ఫ్లాష్ చిప్ నయం.

• మే ఎండలో లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీని నీడలోనే ఉంచండి.

• రాకెట్ నిలువుగా నిలబడ్డాకే స్విచ్‌లు ఆన్.

గుట్ట చాటున పడితే సిగ్నల్ అందదు; చివరి అక్షాంశ రేఖాంశాలు రాసిపెట్టుకోండి. దొరికాక పేలని మందు ఉందేమో చూసి, స్విచ్‌లు ఆపాకే ఎత్తండి.