సౌత్ డౌన్స్ సుద్ద కొండల నడకకు బయల్దేరే ముందు

ఇంగ్లండ్‌లో వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సుమారు 160 కిలోమీటర్ల దారి. తొందర లేకుండా నడవాలంటే తొమ్మిది రోజులు పెట్టుకోండి. దారిలో అన్నిటికన్నా ఎత్తైన బట్సర్ హిల్ కూడా 270 మీటర్లే. కానీ రోజూ ఎక్కడం, దిగడం తప్పదు. మోకాళ్లను ముందే అలవాటు చేయండి.

నీళ్లు: అన్నిటికన్నా ముఖ్యం ఇదే. సుద్ద నేల వానను ఇట్టే పీల్చేసుకుంటుంది, అందుకే కొండ మీద వాగులు కనిపించవు. కుళాయిలు ఎక్కడో ఒకటి. అవెక్కడున్నాయో మ్యాపులో ముందే గుర్తు పెట్టుకుని, మనిషికి కనీసం రెండు లీటర్లు మోయండి. గొర్రెల కోసం తవ్విన గుంటల్లో నీళ్లు తాగొద్దు.

బూట్లు: తడిసిన సుద్ద సబ్బుముక్కలా జారుతుంది. తెల్లటి బంక అడుగున పట్టేస్తుంది, మధ్యమధ్య చెకుముకి రాళ్లు పొడుచుకొస్తాయి. కొత్త బూట్లు వద్దు, కాలికి అలవాటైనవే వేసుకోండి.

బస: ఊళ్లు ఎక్కువగా కొండ దిగువనే. దిగి మళ్లీ ఎక్కే దూరాన్నీ లెక్కలో వేయండి. స్థలం యజమాని అనుమతి లేకుండా టెంట్ వేయకూడదు.

పొడుగు గడ్డిలో నడిచిన రోజు పిడుదులు పట్టాయేమో కాళ్లు చూసుకోండి.

చివర్లో సెవెన్ సిస్టర్స్ అనే సముద్రం ఒడ్డు సుద్ద కొండచరియల మీదుగా వెళ్తే అంచుకు దూరంగా ఉండండి. పైన పచ్చిక గట్టిగానే కనిపిస్తుంది, కింద సుద్ద ఎప్పుడో విరిగిపోయి ఉండొచ్చు. పిల్లలుంటే చెయ్యి వదలకండి, ఫొటో కోసమైనా సరే.