‘ది డే ఆఫ్ ది లోకస్ట్’ చిత్రాన్ని హనుమకొండ విద్యార్థులకు చూపించడం ఎలా?

సినిమా వేషాల కోసం కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకున్న వాళ్లు మన జిల్లాలకు కొత్త కాదు. కాబట్టి నథానియల్ వెస్ట్ 1939లో రాసిన హాలీవుడ్ నవల ఆధారంగా జాన్ ష్లెసింజర్ 1975లో తీసిన ఈ చిత్రం ఇక్కడి విద్యార్థులకు సులభంగానే అందుతుందని అనుకుంటాము. కానీ సన్నాహం లేకుండా చూపిస్తే, ఫే గ్రీనర్ చివరికి ఎవరిని ఇష్టపడుతుందన్న ప్రశ్న దగ్గరే వారి ఆసక్తి ఆగిపోతుంది.

ముందురోజే పాత్రల పరిచయాన్ని ఒక పేజీ తెలుగులో రాసి పంచండి. టాడ్ హాకెట్ స్టూడియోలో పనిచేసే చిత్రకారుడు. ఫే తార కావాలని కలలు కంటున్న యువతి. ఆమె తండ్రి హ్యారీ ఒకప్పుడు వేదికలపై నవ్వించి, ఇప్పుడు ఇంటింటికీ తిరిగి పాలిష్ అమ్ముకుంటున్నాడు. హోమర్ సింప్సన్ గురించి మాత్రం వివరంగా రాయండి, ఎందుకంటే నవలలో అతడు అయోవా నుంచి వచ్చింది వేషాల కోసం కాదు, జబ్బుపడి లేచాక ఆరోగ్యం కోసం. అతడి వంటివారే, అంటే జీవితమంతా కష్టపడి, ఎండా సముద్రమూ ఉన్నచోట సుఖం దొరుకుతుందని వచ్చి, అది దొరకక విసిగిపోయినవారే, ముగింపులో గుంపుగా మారి విరుచుకుపడతారు. నా దృష్టిలో ఈ కథకు అసలు నాయకుడు ఆ గుంపే.

చిత్రం నిడివి రెండు గంటల ఇరవై నిమిషాలకు పైనే కనుక మధ్యలో విరామం ఇవ్వవచ్చు, కానీ చివరి అరగంటను ఆపవద్దు. కోడిపందెం, బాలుడిపై దాడి వంటి దృశ్యాలు ఉన్నందున దీన్ని డిగ్రీ, ఆపై విద్యార్థులకే పరిమితం చేయండి.

కథలోని స్టూడియో తీస్తున్న వాటర్‌లూ యుద్ధం చిత్రీకరణలో, పూర్తికాని సెట్ కూలి సైనిక వేషాలు వేసినవారు గాయపడే ఘట్టాన్ని తప్పక చర్చకు పెట్టండి. సెట్ సిద్ధం కాకముందే చిత్రీకరణ మొదలుపెట్టిన తొందర ఎవరిది, దెబ్బలు తిన్నవారు ఎవరు అని అడిగితే చాలు, జూనియర్ ఆర్టిస్టుల బతుకు తెలిసిన పిల్లలు మిగతాది తామే చెబుతారు.

నవల చివరి పేజీలను చిత్రం ముగిసిన తరువాతే తెలుగులో చదివి వినిపించండి. అక్కడ టాడ్ పోలీసు కారులో సైరన్ మోతను అనుకరిస్తూ అరుస్తాడు, చిత్రమేమో ఫే అతడి ఖాళీ గదికి రావడంతో ముగుస్తుంది. ఏ ముగింపు ఎందుకు నచ్చిందో ప్రతి ఒక్కరి చేత నాలుగు వాక్యాలు రాయించి, వాటిని మరుసటి సమావేశంలో చదివించండి.