బెట్టను తట్టుకునేలా వేరుశనగ వేయాలంటే

అనంతపురంలో ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఇప్పుడు రెండు రోజులు కుండపోతగా కురిసి, తర్వాత మూడు వారాలు మొహం చాటేస్తోంది. లెక్కల్లో సగటు వాన పడినట్టే ఉంటుంది, చేలో మాత్రం కాయ ఉండదు. దేశంలో దాదాపు సగం సాగుభూమి వాన మీదే ఆధారపడింది కాబట్టి వాతావరణ మార్పు మన మెట్ట రైతుకు ముందుగా తగిలేది ఇలాగే. అందుకే బెట్ట, అంటే వానల మధ్య ఎండు రోజులు, వస్తుందనే లెక్కతోనే సేద్యం మొదలుపెట్టండి.

దుక్కి వాలుకు అడ్డంగా దున్నండి. తొలి వానకే విత్తనం పోయకండి, జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కి చూడండి, ఉండ కడితే పదునున్నట్టు, పొడిగా రాలిపోతే ఇంకో వాన దాకా ఆగాల్సిందే. పక్క చేలో గొర్రు తోలుతున్నారని టెన్షన్ పడొద్దు, మొలక ఎండిపోతే మళ్లీ విత్తనం కొనడానికి అప్పే గతి.

చేనంతా వేరుశనగే వేయకండి, ఇది గట్టిగా చెప్తున్నా. ఏడు సాళ్లకు ఒక కంది సాలు పెట్టండి, దాని వేరు లోతుకు పోతుంది, వేరుశనగ దెబ్బతిన్నా వెనక వానలకు కంది నిలబడుతుంది.

బెట్ట మొదలైతే సాళ్ల మధ్య పైమట్టిని గీకే గుంటక తోలండి, పైమట్టి పొడిపొడిగా అయితే నెర్రెలు మూసుకుని కింది తేమ త్వరగా ఆవిరైపోదు. విత్తిన 45 రోజులు దాటాక మాత్రం వద్దు, పూల నుంచి భూమిలోకి దిగే ఊడలు తెగిపోతాయి, ఊడ తెగితే కాయ లేనట్టే.

అసలు ఆదుకునేది నీటి కుంట. ఎకరానికి 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 40 వేల లీటర్లు కావాలి, అంటే లక్ష లీటర్లుంటే రెండున్నర ఎకరాలకు స్ప్రింక్లర్లతో ఒక తడి. ఆ ఒక్క తడిని ఊడలు దిగేటప్పుడో కాయ ఊరేటప్పుడో ఇవ్వండి, ముందే ఖర్చు చేసేయకండి. ఎర్రనేలల్లో నీళ్లు ఇంకిపోతాయి కాబట్టి కుంట అడుగున సిమెంటు పూతో, మందపాటి ప్లాస్టిక్ షీటో తప్పనిసరి.

ఆగస్టు దాకా పదును రాకపోతే వేరుశనగ ఆశ వదిలేసి ఉలవ, అలసంద, కొర్ర చూసుకోండి. ఏది వేసినా రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ చేలో ఏ పంట ఉందో ఆన్‌లైన్‌లో రాయడం, చేయించండి, పంట మారిస్తే అది కూడా చెప్పి రాయించుకోండి, నష్టపరిహారం అడిగేటప్పుడు అధికారులు ముందు చూసేది అదే.